నగరవర్ణనమున కొండ: హైడెల్‌బర్గు, గోలకొండ

కావ్యమునకు అష్టాదశవర్ణనములు కావలెనని విధించిన ఆలంకారికులు నగరమును వేఱుగను, శైలమును వేఱుగను లెక్కించిరి. మన ప్రబంధకవులు ఆ పట్టికను శ్రద్ధతో పాటించిరి. నగరమనగా కోట, అగడ్త, మేడలు, నాలుగు వర్ణములవారు, ఏనుగులు, గుఱ్ఱములు, వారకాంతలు, పూలమ్ము పడతులు. శైలమనగా సెలయేళ్లు, ఓషధులు, కిన్నరులు, సింహములు. పెద్దన తన ప్రవరుని హిమాలయమునకు పంపుటకు సిద్ధుని పాదలేపము కావలసివచ్చినది. అరుణాస్పదపురమునకును ఆ మంచుకొండకును నడుమ నడచి పోదగిన దారి లేదు. ఆ దారి లేకపోవుట మన వర్ణనసంప్రదాయములో గుణమును అయినది, దోషమును అయినది. గుణ మేలయన, కొండ అద్భుతముగనే మిగిలెను. దోష మేలయన, ఊరిప్రక్క కొండను చూచుట మనకు అలవాటు కాలేదు.

ఈ గుణదోషములు ప్రబంధములతోనే ముగిసినవని మేము చాలకాలము తలంచియుంటిమి. కాని కొన్ని సంవత్సరములుగ స్నాతకోత్తర విద్యార్థులకు యాత్రాసాహిత్యమును బోధించుచు, విదేశనగరములను గూర్చి నేటి పత్రికలలో వచ్చు వ్యాసములను వారిచే చదివించినపుడు, ఆ పట్టిక పేరు మార్చుకొని బ్రతికియున్నదని తెలిసినది. నగర మెప్పుడు స్థాపితమైనది, కోట యెవరు కట్టించిరి, వంతెనకు ఎన్ని కమానులు, ప్రవేశరుసు మెంత, అన్నము దొరకు చోటెక్కడ, ఇది నగరవర్ణన. తరువాత ఒక్క వాక్యము: చుట్టును పచ్చని కొండలు, దట్టమైన అడవులు కనులపండువుగ నున్నవి. ఇది శైలవర్ణన. ఆ వాక్యమును పెఱికి మఱియొక దేశపు మఱియొక నగరమునుగూర్చిన వ్యాసములో నాటినను చదువరి గుర్తింపజాలడు. వర్ణన నిజమైనదా కాదా యని పరీక్షించుటకు ఇంతకంటె సులభమైన ఉపాయము మాకు తెలియదు. వేఱొక చోట పెట్టి చూడవలెను. అక్కడను ఇమిడినచో అది వర్ణన కాదు.

మనవారు మొదటినుండియు ఇట్లే వ్రాసిరనుట అన్యాయము. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణము విడిచి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరువరకు వ్రాసిన కాశీయాత్రచరిత్రలో వర్ణనలు తక్కువయని కొందఱందురు. 1838లో మొదట అచ్చయిన ఆ గ్రంథమును, 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు ప్రకటించిన ప్రతిలోనైనను, నిదానముగ చదివినవారు ఆ మాట అనరు. సుమారు నూరుగురు పరివారముతో, బోయీలు మోయు పల్లకిలో పోవువాడు కొండను చూచినపుడు మొట్టమొదట పుట్టు ప్రశ్న, బోయీలు దీనిని ఎక్కగలరా యనునది. అడవిని చూచినపుడు, నీళ్లెక్కడ అని. ఊరిని చూచినపుడు, దిగుటకు చోటున్నదా, అంగడిలో బియ్యమున్నవా అని. దారి రాతిదా, యిసుకదా, రేగడిదా యను భేదము ఆయనకు ప్రాణావసరము. అందుచేత ఆయన గ్రంథములో ఊరును అడవియు కొండయు ఒకే దారిమీద నున్నవి. ఉపమానము ఒక్కటియు లేకయే స్థలము కట్టెదుట నిలుచును. అలంకారము లేకుండుట వర్ణన లేకుండుట కాదని విద్యార్థులకు చెప్పవలసినపుడు మేము ఈ గ్రంథమునే చూపుదుము.

ఈ విషయమై మఱల ఆలోచింపజేసినది హైడెల్‌బర్గు. మాయొద్ద తెలుగు ఎం.ఏ. చదివి, పిదప అమీర్‌పేటలో సాప్ అను సాఫ్ట్‌వేర్ నేర్చుకొని, ఆ సంస్థ ప్రధాన కార్యాలయమున్న వాల్డోర్ఫ్ ప్రాంతమున ఉద్యోగము చేయుచున్న యొక శిష్యుడు మమ్ము పట్టుబట్టి పిలిచెను. (తెలుగు ఎం.ఏ. తరువాత సాప్ నేర్చుట మా శాఖలో ఇప్పుడు వింత కాదు. దానిని గూర్చి మాకు ఫిర్యాదును లేదు.) వాల్డోర్ఫునకు హైడెల్‌బర్గు మిక్కిలి సమీపము. రెండు దినములు ఆ యూరిలో నడచితిమి. ఆతని స్వస్థలము మా విశ్వవిద్యాలయము ప్రక్కనున్న గోపన్‌పల్లి. ఆతని తాతగారు గొఱ్ఱెలను మేపినది, నేడు ఆర్థికమండలపు మేడలు లేచియున్న ఆ బండల నడుమనే. ఈ వివరము ఎందులకో ముందు తెలియును.

నెక్కారు నది తూర్పున కొండలసందునుండి వెలువడి పడమట రైను మైదానములో ప్రవేశించు ద్వారమువద్ద హైడెల్‌బర్గు ఉన్నది. నదికి దక్షిణపు గట్టున పాతయూరు. దాని వీపునకు ఆనుకొని 567 మీటర్ల 'రాజపీఠము', అనగా క్యోనిగ్‌స్టూల్ కొండ. ఎదుటిగట్టున 440 మీటర్ల 'పుణ్యగిరి', అనగా హైలిగెన్‌బెర్గ్. ఈ రెండును ఓడెన్‌వాల్డ్ అను అటవీపర్వతముల అంచులు. ఊరికి నిలువుగ పెరుగుటకు చోటు లేదు, అడ్డముగ విస్తరించుటకు నది యడ్డము. కావున అది ఒక పొడుగాటి పట్టీవలె నదివెంట పఱచుకొన్నది. నేటి జర్మనీలో అన్నింటికంటె పురాతనమైన విశ్వవిద్యాలయము, 1386లో స్థాపింపబడినది, ఈ పట్టీలోనే ఉన్నది. కొండ సగముమీద శిథిలదుర్గము. దాని నేలమాళిగలో 1751లో చేసిన పెద్ద మద్యపుపీపా, రెండులక్షల యిరువదివేల లీటర్లు పట్టునది. చూడవచ్చినవారిలో సగముమంది దానినే చూచి తృప్తిపడుదురు. ఆ పీపాను గూర్చి మన వ్యాసములలో తగినంతకంటె ఎక్కువగ వ్రాయబడియున్నది, మేము వ్రాయము.

పాతవంతెన దాటి 'పాముదారి' యను మెలికలదారిని ఎక్కి, పుణ్యగిరి నడుమనున్న 'తత్త్వవేత్తల బాట' చేరితిమి. అక్కడనుండి చూచినచో ఎదుట నది, వంతెన, ఊరు, కోట, కోటపైన అడవి, అన్నియు ఒకే చూపులో పడును. శిష్యుడు కొంతసేపు చూచి, "సార్, ఇది గుట్టనే గద, మరి బండలేడ వోయినయ్?" అనెను. మేము నవ్వితిమి గాని, ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచుండగ ఆ యూరు అర్థమైనది. బండలు ఊరిలోనికి దిగినవి. కోట, వంతెన, దేవాలయము, వీథులప్రక్క ఆనకట్టుగోడలు అన్నియు ఆ కొండలోని యెఱ్ఱని ఇసుకరాయితో కట్టినవే. రాయి దిగివచ్చిన కొండను బీచ్, ఓక్, చెస్ట్‌నట్ చెట్లు కప్పివేసినవి. ఆ రాయి వయస్సు సుమారు 25 కోట్ల సంవత్సరములు. శిష్యుడు ఎఱిగిన గోపన్‌పల్లి బండ సుమారు 250 కోట్ల సంవత్సరములది. దానిపై అంత దట్టమైన అడవి నిలువదు, బండయే కనబడును. ఒకచోట కొండ ఊరిగ మారి అడవివెనుక దాగినది, మఱియొకచోట కొండ తన యెముకలనే చూపుచు నిలిచినది. ఈ భేదమును చెప్పని వర్ణన రెంటిలో దేనికిని చెందదు.

ఈ యూరిని కవులు ఎట్లు చూచిరి? జర్మను కవులలో హ్యోల్డర్లిన్ 1800 ప్రాంతమున హైడెల్‌బర్గు పేరుతోనే ఒక గీతికను రచించెను. ఆయన 1770లో పుట్టినది ఈ నెక్కారు గట్టుననే, ఎగువనున్న లౌఫెన్ గ్రామమున. చివరకు 1843లో మరణించినదియు ఆ నదియొడ్డుననే, ట్యూబింగెన్‌లో. నగరమును తల్లియని పిలుచుకొనవలెనను కోరిక ఆ గీతికలో కలదు. వంతెనను పక్షిగమనముతో పోల్చుటలో ఒక విశేషమున్నది. ఆ పక్షి ఎగురునది ఉత్త ఆకాశమున కాదు, అడవికొనలమీదుగ. అనగా వంతెనను వర్ణించుటకు కవికి అడవి కావలసినది. నదిని యువకునిగ, మైదానమునకు బయలుదేరినవానిగ భావించెను. కోటను పిడుగుపాటునకు చీలిన మహాకాయముగ చూపి, వెంటనే దానిచుట్టు పచ్చని తీగను ప్రాకించెను. ఇందు నగరవర్ణన యేది, శైలవర్ణన యేది అని విడదీయబోయినచో గీతిక చిరుగును. దండి పట్టికతో కొలుచువారు ఈ రచనను ఏ గడిలో నుంతురో మాకు తోచలేదు.

తెలుగులో దీనికి సాటిగ మాకు తోచునది విశ్వనాథవారి కిన్నెరసాని పాటలు. అక్కడ భర్త రాయి యగును, భార్య యేఱగును. నెక్కారువలె కిన్నెర కొండను విడిచి పోవుచున్నది. కాని యువకునివలె ఉత్సాహముతో కాదు, విడువలేని దుఃఖముతో. రాయికిని నీటికిని గల సంబంధమును ఇంత మానుషముగ చెప్పిన ఆధునిక తెలుగురచన మఱియొకటి లేదు. అయినను అందు ఊరు లేదు. ఊరు ఎక్కడనో అత్తగారి రూపమున వెనుక మిగిలిపోయినది. మన కవి కొండను, ఏటిని కలుపుటకు ఊరిని విడువవలసివచ్చినదనుట ఆక్షేపణ కాదు; సంప్రదాయము పట్టు ఎంత గట్టిదో చూపుట మాత్రమే.

ఇక మా వాదమునకు ముఖ్యమైన సాక్ష్యము ఉర్దూకవిదై యున్నది. హైదరాబాదులో సాహిత్యము బోధించువారు ఉర్దూను విడిచి స్థలమునుగూర్చి మాటాడుట కష్టము. మహమ్మద్ ఇక్బాలు 1907లో హైడెల్‌బర్గులో నివసించి జర్మనుభాష నేర్చుకొని, ఆ సంవత్సరము నవంబరులో మ్యూనిక్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందెను. ఆ నదిగట్టునకు నేడు ఆయన పేరు పెట్టియున్నారు. నెక్కారు తీరమున ఒక సాయంకాలమును గూర్చి ఆయన వ్రాసిన చిన్న ఖండిక 'ఏక్ శామ్'. మూడు సంవత్సరములకు, 1910లో, ఆయన హైదరాబాదు వచ్చెను. ఆనాడు నిజాము ప్రభుత్వపు ఆర్థికశాఖలోనున్న హైదరీగారు ఒక రాత్రి ఆయనను కుతుబ్‌షాహీ సమాధులకు తీసికొనిపోయిరి. దాని ఫలము 'గోరిస్తానె శాహీ' యను దీర్ఘకవిత. రెండును 1924లో వెలువడిన బాంగె దరా సంపుటములోనే యున్నవి. ఒకే కవి, మూడేండ్ల వ్యవధి; ఒకటి హైడెల్‌బర్గు, మఱొకటి గోలకొండ. తులనాత్మకవిమర్శకు ఇంతకంటె అనుకూలమైన జంట దొరకుట దుర్లభము. ఇది మన తెలుగువిమర్శకుల దృష్టికి తగినంతగ రాకపోవుట భాషలనడుమ మనము కట్టుకొన్న గోడలవలననే.

ఏక్ శామ్‌లో వెన్నెల మౌనముగ నున్నది, చెట్లు మౌనము, లోయలోని పాటగాండ్రు మౌనము, కొండలపై పచ్చవస్త్రములు ధరించినవారును మౌనము. నది పారుటయు నిలిచినట్లే యున్నది. నక్షత్రములు మువ్వలసడి లేని బిడారువలె పోవుచున్నవి. చివర కవి తన హృదయమును పిలిచి, నీవును మౌనము వహించి దుఃఖమును కౌగిలించుకొని నిద్రింపుమనుచున్నాడు. గ్యోథే 1780లో తురింగియా అడవులలోని కికెల్‌హాన్ కొండమీద, ఒక వేటగుడిసె గోడపై వ్రాసిన రాత్రిగీతము ఇందులకు మూలమని సులభముగ చెప్పవచ్చును. మేమును ఒకప్పుడు తరగతిలో అట్లే చెప్పితిమి. ఇప్పుడు ఆ మాటను సవరించుకొనుచున్నాము. గ్యోథే గీతములో కొండకొనలనుండి చెట్లకొనలకు, అక్కడనుండి పక్షులకు, చివరకు మనుష్యునికి మౌనము మెట్లుమెట్లుగ దిగివచ్చును. మనుష్యునికి విశ్రాంతి వాగ్దానముగ లభించును. ఇక్బాలు ఖండికలో మెట్లు లేవు. అన్నియు ఒక్కసారిగ మౌనము వహించినవి. మనుష్యునికి లభించినది విశ్రాంతి కాదు, దుఃఖముతోడి నిద్ర. అనుకరణ యనుటకు ఆ చివరి భేదము అడ్డు వచ్చుచున్నది.

కాని మాకు ఇక్కడ వేఱొక ప్రశ్న ముఖ్యము. ఈ ఖండికలో హైడెల్‌బర్గు ఎక్కడ నున్నది? శీర్షికను తీసివేసినచో ఇది కాశ్మీరములోని యే లోయయైనను కావచ్చును. ఊరు లేదు, వంతెన లేదు. అన్నింటికంటె వింత, కోట లేదు. కవి నిలిచిన గట్టునుండి తల యెత్తినచో కనబడక తప్పని ఆ మహాశిథిలము కవితలో లేనేలేదు. అదే కవి గోలకొండకు వచ్చినపుడు ఏమి జరిగినది? మబ్బుముసుగు, మసకవెన్నెల, చెట్ల మౌనము, అవే సామగ్రి. అయితే రెండడుగులలోనే కొండనెత్తిన కావలివానివలె నిలిచిన కోట ప్రవేశించును. ఊరి సందడికి దూరముగ నిద్రించు రాజులు వత్తురు. బాబిలోను, ఈజిప్టు, ఇరాను, గ్రీసు, రోము వరుసగ స్మృతికి వచ్చును. చివర, జాతి ప్రతాపము ప్రకటితమై ముగిసినను దాని సౌందర్యము ప్రకటితము కావలసియే యున్నదను ఆశతో కవిత నిలుచును.

ఒకచోట శిథిలము కనబడలేదు, మఱొకచోట శిథిలమే కవితయైనది. దీనికి కారణము శిథిలముల తారతమ్యము కాదు. చరిత్రను చూచినచో ఆ రెండు కోటలు దాదాపు కవలలు. ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలలు ముట్టడించి గోలకొండను పట్టుకొన్నది 1687లో. ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ సేనలు హైడెల్‌బర్గును ధ్వంసము చేసినది 1689లోను, మఱల 1693లోను. ఆఱేండ్లలో, వేల మైళ్ల దూరమున, రెండు కొండకోటలు రెండు సామ్రాజ్యముల తాకిడికి కూలినవి. హైడెల్‌బర్గు కోటను బాగుచేయ యత్నించుచుండగ 1764లో పిడుగుపడి కాలినది. ఇక్బాలు వంటి చరిత్రజ్ఞునికి ఇది తెలియని విషయము కాదు. మా యూహలో కారణమిది: పరదేశమున ఉన్నపుడు ఆయన ప్రకృతిని చూచెను, తనదని భావించిన స్థలమున చరిత్రను చూచెను. పరాయివాని శిథిలము మనకు కొండలో భాగముగనే కనబడును. దానికొఱకు దుఃఖించు బాధ్యత మనది కాదు. హ్యోల్డర్లిన్ ఆ నదిబిడ్డ కావుననే పిడుగుపాటును ఎఱుగును.

నేటి తెలుగుయాత్రికుని విషయమున ఈ సూత్రము తలక్రిందులైనది. పరదేశమున ఆతడు చరిత్రనే చూచును; 1386 అనును, 1693 అనును, ఫలకములన్నింటిని చదువును. స్వస్థలమున చరిత్రయు చూడడు, ప్రకృతియు చూడడు. హైడెల్‌బర్గు కోటమెట్లు లెక్కపెట్టి వ్రాసిన మా విద్యార్థినియొకతె, తాను దినదినము బస్సులో దాటు రాయదుర్గమునకు ఆ పేరు ఎందులకు వచ్చినదో ఎన్నడును ఆలోచింపలేదని తానే చెప్పినది. ఆమెను తప్పుపట్టుటకు మాకు మనసొప్పలేదు. ఆమె చదివిన వ్యాసములలో రాయదుర్గము లేదు.

హైడెల్‌బర్గులో మాకు ఈర్ష్య కలిగించినది కోట కాదు, కోటను గూర్చిన వాదము. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఊరివారు ఆ రాళ్లను ఇండ్లకు తీసికొనిపోవుచుండగ, ఫ్రాన్సునుండి వచ్చి స్థిరపడిన చిత్రకారుడు షార్ల్ ద గ్రెంబెర్గ్ ఆ శిథిలమును కాపాడుట తన జీవితకార్యముగ పెట్టుకొనెను. కూల్చినవారి దేశస్థుడే కాపాడుట గమనింపదగినది. శతాబ్దము చివర ఒక భాగమును కొత్తగ పునరుద్ధరించిరి. తక్కినదానిని కూడ అట్లే చేయుదుమనగా, కళాచరిత్రకారుడు గేఓర్గ్ దేహియో 1901లో తీవ్రముగ అడ్డుపడెను. ఉన్నదానిని రక్షించుట వేఱు, లేనిదానిని కల్పించుట వేఱు అని ఆయన వాదము. ఆ వాదము నెగ్గినది. నేడు మనము చూచునది ఆ వాదఫలమే. మన కుతుబ్‌షాహీ సమాధులలో 2013లో ఆరంభమై 2024లో ముగిసిన సంరక్షణకార్యము కూడ ఈ ప్రశ్ననే ఎదుర్కొన్నది. వెనుకటి మరమ్మతులలోని సిమెంటును తొలగించి మఱల సున్నపుగచ్చు వేసిరి. గచ్చు అను మాట మా ప్రాంతమువారికి క్రొత్త కాదు. గచ్చిబౌలి యనగా గచ్చుబావియని అర్థము చెప్పుదురు. బావి మఱపునకు వచ్చినది, మాట మిగిలియున్నది.

మాటలను గూర్చి ఇంకను చెప్పవలసియున్నది. తొలి అచ్చతెలుగు కావ్యమైన యయాతిచరిత్రమును పొన్నగంటి తెలగనార్యుడు పొట్లచెఱువు అమీనుఖానునకు అంకితమిచ్చెను. పొట్లచెఱువనగా నేటి పటాన్‌చెరువు. శేరిలింగంపల్లినుండి గంటసేపటి దారి కాదు. గోలకొండయేలిక ఇబ్రహీము కుతుబ్‌షాహికి అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అంకితము చేసెను. అచ్చతెలుగు నియమమును పండితుల గారడియని తీసివేయుట వాడుక. కాని పర్వత, అరణ్య, శిలాశబ్దములను నిషేధించుకొన్న కవి ఏమి చేయును? కొండ, గట్టు, తిప్ప, గుట్ట, బండ, గుండు, కోన, కనుమ, సెల, దోన వంటి మాటలలో దేనినో ఎన్నుకొనక తప్పదు. ఎన్నుకొనుటకు చూడవలెను. సంస్కృతశబ్దము ఇచ్చు సౌకర్యము లేనపుడు కన్ను పనిచేయును. ఆ నియమమునకు ఈ ప్రయోజనము కలదని మేము నమ్ముదుము. నేటి యాత్రావ్యాసకర్తలకు 'పర్వతశ్రేణులు', 'దట్టమైన అరణ్యములు' అను రెండు పదములను ఒక సంవత్సరము నిషేధించి చూడవలెనని మా సహోద్యోగులతో హాస్యమాడుచుందుము.

ఇది హాస్యము మాత్రమే కాదని 2025లో తెలిసినది. ఆ యేడు మార్చి చివర మా విశ్వవిద్యాలయము ప్రక్కనున్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరములను చదునుచేయుటకు యంత్రములు దిగినవి. ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానము ఆ పనిని నిలుపవలసినదని ఆదేశించెను. వివాదములోని న్యాయాన్యాయములు ఈ వ్యాసమునకు విషయము కావు. భాషావిషయము మాత్రము మా పరిధిలోనిది. ఆ దినములలో అందఱును వాదించిన ప్రశ్న, అది అడవియా, కాదా యని. అడవియనినవారు చుక్కల జింకలను, నెమళ్లను చూపిరి. కాదనినవారు దస్త్రములను చూపిరి. ఆ భూమి పేరులోనే జవాబున్నదని ఎవరును అనలేదు. కంచ యనగా పసులు మేయుటకై విడిచిన గడ్డిభూమి. పొలము కాదు, కారడవియు కాదు, రెంటికి నడిమిది. అట్లే శేరి యనగా సర్కారో, దొరయో స్వయముగ సేద్యము చేయించుకొను భూమి. శేరిలింగంపల్లి సేద్యపుపేరు, కంచ గచ్చిబౌలి మేతపేరు. మన ముందుతరములవారు భూమిని అడవి, ఊరు అని రెండుగ కాక, ఇన్ని విధములుగ చూచి పేర్లు పెట్టిరి. మనము మాత్రము అష్టాదశవర్ణనలకు మఱల పోయి, నగరమో శైలమో తేల్చుమని అడిగితిమి.

ఆశ్చర్యమేమనగా, ఈ నడిమిభూమిని గూర్చి లోతుగ ఆలోచించినవారిలో ఒకరు హైడెల్‌బర్గు విశ్వవిద్యాలయపు ఆచార్యుడే. 1962లో అక్కడ నెలకొల్పిన దక్షిణాసియా అధ్యయనసంస్థలో పనిచేసి 1992లో మరణించిన గ్యుంతర్ సొంతైమర్, ఖండోబా, మల్లన్న మొదలగు గొఱ్ఱెలకాపరుల దేవతలను జీవితమంతయు పరిశోధించెను. వనము, క్షేత్రము అను రెండు స్థలముల నడుమ రాకపోకలలో ఆ దేవతలు పుట్టిరని ఆయన సిద్ధాంతము. గొల్లవానికి కొండపై విగ్రహము దొరకుటచే గొల్లకొండయైనదని చెప్పుకొను గోలకొండ కథ ఆ సిద్ధాంతమునకు వ్యాఖ్యానము వలె నున్నది. ఆ కథలో కోటకంటె ముందు మేత కలదు. మన బండలను కాపాడవలెనని 1996లో హైదరాబాదులో ఏర్పడిన సంఘములోను జర్మనీలో పుట్టి ఇక్కడ స్థిరపడిన యొక విదుషి ముఖ్యులు. గ్రెంబెర్గ్ ఫ్రాన్సునుండి వచ్చి హైడెల్‌బర్గు రాళ్లను చూచినట్లే ఇదియును. పరాయికన్ను ఒక్కొక్కప్పుడు నిజమునే చూచును. మేము పైన ఇక్బాలు విషయమున చేసిన సూత్రమునకు ఇది అపవాదమని అంగీకరింపక తప్పదు. అయితే ఇరువురును యాత్రికులుగ వచ్చి యాత్రికులుగ మిగులలేదు, నివసించిరి. సూత్రము చూపునకు కాక బసకు వర్తించునేమో విచారింపవలసియున్నది.

భావకవితకును యాత్రారచనకును ధర్మములు వేఱనియు, ఒక సాయంకాలపు ఖండికలో కోట లేదని ఇక్బాలును నిలదీయుట తగదనియు కొందఱు ఆక్షేపింపవచ్చును. ఆ ఖండిక మంచిది కాదని మేము అనుట లేదు. అది మంచిది కావుననే, లేనిదేమో ఇంత స్పష్టముగ కనబడినది. చెడ్డ రచనలో ఏది లేదో చెప్పుట యెవరికిని సాధ్యము కాదు. మఱియు ఆ రెండు కవితలను ప్రక్కప్రక్కన చదివినవారికి, గోలకొండ కవితలో చరిత్ర యెంత నిండియున్నను కోటక్రింది ఊరు, ఆ యూరి తెలుగుజనము ఒక్క మాటగనైనను లేరని కూడ కనబడును. రాజులు నిద్రించుచున్నారు, బండలమీద మేకలు మేయుట మానలేదు. ఆ మేకలను వ్రాయవలసినవారము మనము.

తిరిగివచ్చిన పిదప శిష్యుని ఒక ఉత్తరము వ్రాయుమని కోరితిమి. ఆ నగరమును వర్ణింపవలదనియు, ఆదివారము తాను నడచు దారిని మాత్రము చెప్పుమనియు షరతు పెట్టితిమి. నాలుగు పుటలు వచ్చినవి. రాజపీఠముపైకి పోవు పైభాగపు కొండరైలు 1907లోనిదనియు, దాని కఱ్ఱపెట్టెలు నేటికిని నడుచుచున్నవనియు వ్రాసెను. ఇక్బాలు అక్కడనున్న సంవత్సరమే అది. ఊరికి స్వంతమైన అడవిలో నఱికిన మ్రానులను దారిప్రక్క కొలతలు వ్రాసి పేర్చియుంతురట. ఏ చెట్టు యెవరు కొట్టవలెనో తీర్మానము కలదట. వర్షము తరువాత ఎఱ్ఱమట్టి బూట్లకు అంటినపుడు గోపన్‌పల్లి జ్ఞప్తికి వచ్చినదనియు, కాని ఈ మట్టి మెత్తగ నున్నదనియు వ్రాసెను. చివర ఒక సందేహము: "సార్, బెర్గ్ అంటే గుట్ట అనాల్నా, కొండ అనాల్నా?" గుట్టయనినను దోషము లేదని మేము బదులు వ్రాసితిమి. ఆతడు ఒప్పుకొనలేదు. బండ కనబడనిదానిని మా యూరిలో ఎవరును గుట్టయనరని తిరిగి వ్రాసెను. నిఘంటువులు చూచితిమి, అవి ఆ భేదమును చెప్పవు. ఆతని మాటయే ప్రమాణముగ తీసికొని, ఈ వ్యాసమున హైడెల్‌బర్గును గూర్చి మేము వ్రాసిన ప్రతిచోటను కొండ యనియే వాడితిమి.